ఎయిర్ ఫ్రయరూ, మా నాయన బజ్జీ

ముందే చెప్పేస్తున్నా, ఎయిర్ ఫ్రయర్ మీద నాకేం పగ లేదు. కిందటేడు నేనే రెండు కొన్నాను. బెంగుళూరులో నాకొకటి, ఆదోనిలో అమ్మావాళ్ళకొకటి. నాయనకి స్టెంటు వేశాక డాక్టరు నూనె తగ్గించమన్నాడు. ఇంజనీరు కొడుకుని కదా, సమస్య వినగానే ఒక మిషను కొని పంపేశా. నా గొడవంతా ఇలాంటి మిషన్లకి మనం తగిలించే "ఆరోగ్యం" అనే మాటతోనే.

మా వైపు పొద్దున టిఫినంటే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. అమ్మ ఎప్పటిలాగే శనగపిండి కలిపి, మిరపకాయలు ముంచి, ఆ బుట్టలో పెట్టింది. పిండంతా జారి అడుక్కి పోయింది. పైన మిగిలింది వాడిపోయిన మిరపకాయ. నాయన ఒకటి కొరికి ఫోనులో "బాగుందిలేరా" అన్నాడు. ఆ "లే"లోనే అంతా ఉంది. ఆ తర్వాత నెలన్నర ప్రతి ఆదివారం ఓట్సే తిన్నాడట. నాకు చెప్పొద్దన్నాడట.

తప్పు అమ్మది కాదు. ఎయిర్ ఫ్రయరంటే గట్టి ఫ్యానున్న చిన్న ఓవెను, అంతే. జారుడు పిండి గట్టిపడాలంటే అన్ని వైపులా ఒక్కసారిగా వేడి నూనె తగలాలి. గాలికి ఆ పని చేతకాదు.

అదే చుర్రోలకైతే నడుస్తుంది. స్పెయిన్ వాళ్ళ తీపి మురుకులనుకోండి. మరిగే నీళ్ళలో మైదా పోసి పొయ్యి మీదే ముద్దగా తిప్పుతారు కాబట్టి పిండి ముందే సగం ఉడికిపోతుంది. మురుకుల గొట్టంలో నక్షత్రం బిళ్ళ వేసి ఒత్తితే ఆకారం నిలుస్తుంది. పైన కాస్త నూనె రాసి 190 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. అక్క పిల్లల కోసం చేశాను, బాగానే వచ్చాయి.

మరి పక్కన గిన్నెలో ఏముంది సార్? చాక్లెట్, క్రీము, చక్కెర! ఒక టేబుల్ స్పూను నూనె దాదాపు 120 కేలరీలు. 50 గ్రాముల డార్క్ చాక్లెట్ కరిగిస్తే 250 పైమాటే, క్రీము ఇంకా పొయ్యనేలేదు. నూనె దగ్గర పైసా పైసా లెక్కపెట్టి, సాసు దగ్గర సంచి బోర్లించడమన్నమాట. నిజంగా తేలిగ్గా కావాలంటే కోకో పొడిని పాలల్లో ఉడికించి, చక్కెర సగానికి తగ్గించి ముంచుకోండి. ఈ మాట ఎవడూ గట్టిగా చెప్పడు. ఇందులో అమ్ముకోడానికి మిషను లేదుగా :)

ఇక నూనె సంగతి. వేగేటప్పుడు పిండిలో నీరు ఆవిరై బయటికి తోస్తుంటుంది కాబట్టి నూనె లోపలికి పెద్దగా దూరదు. తీశాక, చల్లారేటప్పుడే ఎక్కువ పీల్చుకుంటుంది. అందుకే నూనె బాగా కాగాకే వెయ్యాలి, తీసిన వెంటనే కాగితంతో అద్దాలి. అసలు భయపడాల్సింది కాచిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచడానికి. పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జూలై నుంచి నియమం పెట్టింది అందుకే.

ఇంకో మాట. మా పళ్ళెంలో తేలికైన తిండి ఎప్పట్నుంచో ఉంది. బొరుగులు తడిపి, నీళ్ళు పిండేసి, తిరగమాతలో కలిపి, పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. బజ్జీ దానికి తోడు మాత్రమే. మనమే లెక్క తిరగేసి, నాలుగు బజ్జీలకి గుప్పెడు ఉగ్గాని చేసుకున్నాం.

జనవరిలో ఎమ్మిగనూరు జాతరకి పోయినప్పుడు ఈ కథంతా మా అత్తకి చెప్పా. "మిషనెందుకప్పా, ఒకటి చాలంటే మీ నాయన వినడా?" అంది. నిజమే, నేను ఎప్పుడూ ఆయన్ని అడగలేదు. డాక్టర్నీ అడగలేదు. అడిగితే, ఎప్పుడన్నా ఒకటి ఫరవాలేదన్నాడు.

ఇప్పుడు నెలకో ఆదివారం పళ్ళెం నిండా ఉగ్గాని, పక్కన ఒకే ఒక్క బజ్జీ. కొత్త నూనెలో వేగింది. నాయన దాన్ని అరగంట తింటున్నాడు.