ఇక చాలని చెప్పేదెవరు?

గెలిచినవాడు ఏడ్చిన టైటిల్ ఫైట్ ఒకటుంది.

1980 అక్టోబర్ 2. లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్ హోటల్ ఆవరణలో తాత్కాలికంగా కట్టిన స్టేడియం. ఒక మూల హెవీవెయిట్ చాంపియన్ లారీ హోమ్స్. వయసు 30. అప్పటికి ఆడిన 35 ఫైట్లలో ఒక్కటీ ఓడలేదు. ఎదుటి మూల ముహమ్మద్ అలీ. వయసు 38. టైటిల్ ఫైట్ ఆడి రెండేళ్లు దాటింది. మూడుసార్లు చాంపియన్ అయ్యాను, నాలుగోసారీ అవుతానంటూ రిటైర్మెంట్ నుంచి వెనక్కి వచ్చాడు. ఆ ఏడాది మొదట్లోనే మద్రాసు వచ్చి, జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌట్ ఆడి, మనవాళ్లనీ మురిపించి వెళ్లాడు.

ఈ ఇద్దరిదీ పాత పరిచయమే. హోమ్స్ ఒకప్పుడు అలీ దగ్గర స్పారింగ్ పార్టనర్. అంటే ప్రాక్టీసులో పెద్దాయన గుద్దులు కాచుకోవడమే ఉద్యోగం. ఓసారి అలీ దెబ్బకి కన్ను కమిలి నల్లబడితే, ఐసు పెట్టించుకోవడానికి ఒప్పుకోలేదట. అలీ కొట్టిన దెబ్బ మరి, ఊళ్లో నలుగురికీ చూపించుకోవద్దూ!

అలీ వెనక్కి వచ్చేసరికి ఒళ్లు బాగా పెరిగిపోయి ఉంది. నెలల తరబడి కష్టపడి తగ్గించాడు. నెరిసిన జుట్టుకి రంగేశాడు. చూసినవాళ్లంతా ‘అమ్మయ్యో, పాత అలీ తిరిగొచ్చాడు’ అనుకున్నారు. ఆ రోజుల్లో థైరాయిడ్ మాత్రలు కూడా వాడిన సంగతి తర్వాత బయటపడింది. బరువుతోపాటు ఒంట్లో సత్తువ కూడా కరిగిపోయిందని ఎవరూ గమనించలేదు.

నిజానికి హెచ్చరికలు లేకపోలేదు. ఆయన డాక్టర్ ఫెర్డీ పచేకో 1977లోనే కిడ్నీల రిపోర్టు చూసి, ఇక ఆపమంటూ అలీకీ, భార్యకీ, మేనేజర్‌కీ ఉత్తరాలు రాశాడు. ఒక్కరూ జవాబివ్వలేదు. ఆయన తప్పుకున్నాడు. హోమ్స్‌తో ఫైట్‌కి ముందు మేయో క్లినిక్‌లో పరీక్షలు చేశారు. ఒంటికాలి మీద గెంతమంటే, వేలితో ముక్కు ముట్టుకోమంటే కాస్త తడబడ్డాడని రిపోర్టులో ఉంది. అయినా నెవాడా రాష్ట్ర కమిషన్ లైసెన్స్ ఇచ్చేసింది. అలీకి ముట్టాల్సింది 80 లక్షల డాలర్లు. అంత డబ్బు బల్ల మీద ఉంటే ముక్కుకీ వేలికీ మధ్య దూరాన్ని ఎవరు కొలుస్తారు చెప్పండి?

ఇక ఫైట్ సంగతి. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పది రౌండ్లు జరిగాయి, పదీ హోమ్స్‌వేనని ముగ్గురు జడ్జీలూ రాశారు. అలీ కాళ్లు ఆడలేదు, చేతులు లేవలేదు. కింద మాత్రం పడలేదు. పడి ఉంటే ముందే అయిపోయేది! హోమ్స్ కొడుతూనే మధ్యమధ్య రిఫరీ వైపు చూశాడు, ఆపండి మహాప్రభో అన్నట్టు. రిఫరీ ఆపలేదు. అలీ తనంతట తానుగా చాలనే రకం కాదు.

పదో రౌండ్ అయ్యాక ట్రైనర్ ఏంజెలో డండీ ఇక చాలన్నాడు. పక్కనే ఉన్న బండీనీ బ్రౌన్ ‘ఇంకొక్క రౌండ్’ అని బతిమాలాడు. ఆయనకీ అలీ అంటే ప్రాణమే. డండీ వినలేదు. అలీ కెరీర్ మొత్తం 61 ఫైట్లలో మధ్యలో ఆపేయడం వల్ల ఓడింది ఇదొక్కటే. తర్వాత హోమ్స్ అలీ గదికి వెళ్లి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అక్కడితోనైనా ఆగిందా? లేదు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో బహామాస్ వెళ్లి ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడాడు అలీ. 1984లో పార్కిన్సన్స్ అని తేలింది. అందులో తిన్న దెబ్బల వాటా ఎంతన్నది డాక్టర్లు మాట్లాడాల్సిన విషయం. మొదటి ఉత్తరం అందినప్పుడే ఆగి ఉంటే కొన్ని వందల గుద్దులు తప్పేవన్నది మాత్రం మనకీ తెలుస్తుంది.

ఇంకో సంగతి వినండి. 1988 జనవరిలో 21 ఏళ్ల మైక్ టైసన్ మీదికి ఓ మాజీ చాంపియన్ వెళ్లి, నాలుగో రౌండ్లో నాకౌట్ అయ్యాడు. ఆ మాజీ మన హోమ్సే. అప్పుడతని వయసు సరిగ్గా 38! అలీకి ఏమైందో అందరికంటే దగ్గర్నుంచి చూసినవాడు కూడా, తన వంతు వచ్చేసరికి ఆగలేకపోయాడు.

మరి జార్జ్ ఫోర్‌మన్ మాటేమిటి అంటారా? నిజమే. 1994లో 45 ఏళ్ల వయసులో, తనకంటే 19 ఏళ్లు చిన్నవాడైన మైకేల్ మూరర్‌ని పదో రౌండ్లో పడగొట్టి మళ్లీ చాంపియన్ అయ్యాడు. చూసి గర్వపడాల్సిన గెలుపే. కాకపోతే లాటరీ తగిలిన ఒక్కడి ఫొటో పేపర్లో వేస్తారు, టికెట్ కొని పోగొట్టుకున్నవాళ్ల ఫొటోలు వెయ్యరు. ప్రతి ముసలి బాక్సరూ తనని ఫోర్‌మన్ అనుకునే రింగ్ ఎక్కుతాడు.

బాక్సింగ్ అనే కాదు, మన సినిమా హీరోలైనా, క్రికెటర్లైనా అంతే. ‘ఇంకొక్కసారి’ అని అరిచేది మనమే. చప్పట్లు కొట్టేవాళ్లు వేలమంది ఉంటారు. డబ్బు లెక్క చూసేవాళ్లు పదిమంది ఉంటారు. తిట్టించుకునైనా సరే ఆపేసే డండీ ఒక్కడుంటే, వాడి అదృష్టం బాగున్నట్టే. మీ ఇంట్లో ఎవరైనా ఒంట్లో ఓపిక లేకపోయినా ‘నేను చేయగలను’ అంటూ పని నెత్తినేసుకుంటుంటే, వాళ్ల మూలన నిలబడాల్సింది ఎవరో ఓసారి ఆలోచించండి.