మఠానికో న్యాయం, డి-పట్టా రైతుకో న్యాయమా?

ధర్మకార్యానికని ప్రభుత్వం భూమి ఇస్తే ఎవరూ కాదనరు. గుడి కానీ, మసీదు కానీ, చర్చి కానీ, ఆ భూమిలో బడి నడిచినా, పేదలకు నాలుగు మెతుకులు పెట్టినా ఊరికి మేలే. గొడవల్లా తీసుకున్నది ఒకందుకు, వాడేది మరొకందుకు అయినప్పుడే.

మన జిల్లాలోనే చూడండి. భీమిలి మండలం కొత్తవలసలో (రైలు జంక్షను ఉన్న కొత్తవలస కాదు) విశాఖ శారదా పీఠానికి 2021లో అప్పటి ప్రభుత్వం 15 ఎకరాలు కేటాయించింది. ఎకరం లక్ష రూపాయలు! ఆ పరిసరాల్లో లక్షకు సెంటు స్థలం దొరకడమే కష్టం. వేద పాఠశాల, సంస్కృత పాఠశాల పెడతామన్నారు. తరువాత, ఆదాయం వచ్చే పనులకూ వాడుకోనివ్వమని పీఠం వారు ప్రభుత్వాన్ని కోరినట్టు పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వం మారాక 2024లో కేటాయింపు రద్దయింది.

మరి ప్రభుత్వం మారి ఉండకపోతే? ఇచ్చిన పనికి వాడకపోతే భూమి వెనక్కు తీసుకోవచ్చునని ఇలాంటి ఉత్తర్వుల్లో షరతు ఉంటుంది. దాన్ని అమలు చేయడానికి ఎన్నికలు రావాలా? రెవెన్యూ వారు ఏడాదికొకసారి వెళ్లి చూసివస్తే చాలదా?

అదే డి-పట్టా రైతు సంగతి వేరు. కూతురి పెళ్లికనో, ఆస్పత్రి ఖర్చుకనో అర ఎకరం అమ్ముకుంటే 1977 నాటి చట్టం చూపించి నోటీసులిచ్చారు. అలా భూమి పోగొట్టుకున్నవారు ఎందరో. రైతు ఇంటికి దారి తెలిసిన అధికారులకు ఆశ్రమం గేటు మాత్రం కనపడదు కాబోలు! దేవుడి పేరున్న బోర్డు చూడగానే చేతులు కట్టుకుంటే, లోపల దుకాణాలు లేచినా, కల్యాణ మండపం అద్దెలు వసూలైనా అడిగేదెవరు?

ఏ సంస్థకు ఏ సర్వే నంబరులో ఎంత భూమి, ఏ పనికి ఇచ్చారో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలి. అంతవరకూ ఊరివాళ్లే అడగవచ్చు. తహశీల్దారు కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఉత్తర్వు నకలు, షరతులు, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఈ మూడూ అడగండి. సర్వే నంబరు తెలియకపోతే వీఆర్వో చెప్పాలి. అదేమీ ఆయన సొంత ఆస్తి కాదు గదా, దాచుకోడానికి.