గొంతు ఒక్కటే చాలదు

వక్తృత్వ పోటీ అనగానే మనకు గుర్తొచ్చేది పెద్ద గొంతు, చేతులూపడం, చివర్లో చప్పట్లు. ఎవరికి ఎక్కువ చప్పట్లు పడితే వాడే గొప్ప వక్త! హాలు దాటి బయటికొచ్చాక "ఇంతకీ వాడేం చెప్పినాడ్రా?" అని పక్కవాణ్ణి అడగండి. వాడికీ గుర్తుండదు.

ఈ జబ్బు ఈనాటిది కాదు. రెండువేల ఏళ్ళ కిందటే రోమన్లు దీన్ని గుర్తించి మందు కూడా చెప్పారు. మహావక్త సిసిరో (క్రీ.పూ. 106-43) ప్రకారం వక్తకు మూడు పనులున్నాయి: చెప్పినదాన్ని నిరూపించడం, వినేవారిని రంజింపజేయడం, వారి మనసును కదిలించడం. ఆయన తర్వాత వచ్చిన క్వింటిలియన్ పన్నెండు సంపుటాల గ్రంథం రాసి, అసలు మంచివాడు కానివాడు మంచి వక్త కాలేడని తేల్చేశాడు.

"రోము సంగతి మదనపల్లెలో ఎందుకయ్యా?" అంటారేమో. దానికి సాక్ష్యాలు మన ఊరి చరిత్రలోనే ఉన్నాయి.

మన ఊళ్ళో 1915లో కాలేజీ స్థాపించిన అనీబిసెంట్ ప్రపంచమెరిగిన వక్త. ఆ గొంతు ఆమెకు ఊరికే రాలేదు. 1873లో ఇంగ్లండులోని సిబ్సీ అనే పల్లెలో, ఎవరూ లేని చర్చిలో, ఖాళీ బల్లలకు ఉపన్యాసమిచ్చి తన గొంతును తాను పరీక్షించుకున్నది. అయితే సాధన ఒక్కటే ఆమెను నిలబెట్టలేదు. హోంరూలు కావాలని ఊరూరా చెప్పి, 1917లో ఆ మాట కోసమే నిర్బంధంలోకి వెళ్ళింది. అదే సంవత్సరం కాంగ్రెసు అధ్యక్షురాలైంది. మాటకు జామీను మనిషే!

ఇక రెండో సాక్ష్యం జిడ్డు కృష్ణమూర్తి. 1895లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. జగద్గురువు కాబోతున్నాడని నమ్మి వేలాదిమంది ఆయన వెనుక చేరారు. వాళ్ళను ఒప్పించాల్సిన పని కూడా లేదు, ముందే ఒప్పుకొని కూర్చున్నారు! అటువంటి సభలో, 1929 ఆగస్టు 3న హాలండులోని ఒమెన్‌లో, అనీబిసెంట్ ఎదుటే తన సంఘాన్ని రద్దు చేసి, తనకు అనుచరులు అక్కరలేదన్నాడు. వినేవాడి బుద్ధిని వినేవాడికే వదిలిపెట్టిన వక్తలు ఎంతమంది?

ఇప్పుడు మన చేతిలోని సెల్‌ఫోను సంగతి చూడండి. అర నిమిషం వీడియోలో కోపం తెప్పిస్తారు, కన్నీరు తెప్పిస్తారు. సిసిరో చెప్పిన మూడింటిలో రెండు పనులు బ్రహ్మాండంగా జరుగుతాయి. మొదటిదైన నిరూపణ మాత్రం ఉండదు. మనం అదేం ఆలోచించకుండా పదిమందికి పంపిస్తాం. మోసం చేసినవాడు ఒకడే, మోసినవాళ్ళం మనమందరం.

ఆవేశం లేకుండా ఎవరు వింటారని కొందరు మిత్రులు వాదిస్తారు. నిజమే. ఆవేశం వద్దని సిసిరో కూడా అనలేదు. రుజువు లేని ఆవేశమే ప్రమాదం.

కనుక నాదొక చిన్న సూచన. మన వక్తృత్వ పోటీల్లో ప్రసంగం కాగానే సభలోనివారు మూడు ప్రశ్నలు వేయాలి. నీ మాటకు ఆధారమేమిటి? ఎదుటిపక్షం వాదనలో బలమేమిటి? నువ్వు చెప్పినదాన్ని నువ్వు పాటిస్తావా? సగం మార్కులు ఆ జవాబులకే ఇవ్వాలి. అప్పుడు వేదిక మీద ఒక వక్త తయారైతే, కింద వందమంది శ్రోతలు తయారవుతారు. మన దేశానికి ఇవాళ కరువు వక్తలకు కాదు సుమా!