నిప్పు ఒకరిది.. నష్టం ఊరిది

వీపనగండ్ల:
జూరాల ఎడమ కాల్వ నీరు అందే వీపనగండ్ల మండలంలో వరికోతలు ముగిశాయంటే పాడిరైతుల కళ్లాల్లో గడ్డివాములు లేస్తాయి. వేసవి గడిచేదాకా పశువులకు అవే ఆధారం. కక్ష తీర్చుకోదలచిన వాడికి ఇంతకంటే సులువుగా చిక్కే ఆస్తి మరొకటి లేదు. రాత్రిపూట కాపలా ఉండదు, అగ్గిపుల్ల చాలు, తెల్లవారేసరికి సాక్ష్యం కూడా బూడిదే.

గట్టు తగాదా, కాల్వనీటి వంతు, అన్నదమ్ముల పంపకం, పంచాయతీ ఎన్నికల వైరం.. పల్లెల్లో పగతో పెట్టే నిప్పు వెనుక తరచూ ఇలాంటి కారణాలే ఉంటాయి. విద్యుత్ తీగల రాపిడికి, కొయ్యకాళ్లకు పెట్టిన మంటకు, ఆర్పకుండా పారేసిన బీడీకి సైతం వాములు కాలుతుంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రమాదమో, పగో తేలకపోతే బాధితుడు తనకు గిట్టనివారందరినీ అనుమానిస్తాడు. మేత లేక పాడిగేదెను సంతలో తెగనమ్ముకోవడం ఒక నష్టం. అనుమానంతో పెళ్లి పిలుపులు, చేబదుళ్లు ఆగిపోవడం మరో నష్టం. ఈ రెండోది ఏ పంచనామాలోనూ నమోదు కాదు.

చట్టం ఈ నేరాన్ని ఎన్నడూ చిన్నదిగా చూడలేదు. పాత ఐపీసీ 435వ సెక్షన్ ప్రకారం ఇతర ఆస్తులకైతే 100 రూపాయల నష్టం ఉండాలి, వ్యవసాయ ఉత్పత్తులకు 10 రూపాయలు చాలు. శిక్ష ఏడేళ్ల వరకు జైలు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ ఆ పరిమితిని తీసివేసింది. నివాస గృహానికి నిప్పు పెడితే యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. అయితే చూసినవారు నోరు విప్పనిదే ఏ సెక్షనూ పనిచేయదు.

వ్యక్తుల పగే కాదు, గుంపు ఆవేశానిదీ ఇదే తీరు. కోనసీమ జిల్లా పేరు మార్పును వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో సాగిన ఆందోళనలో మంత్రి పినిపె విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్‌ల ఇళ్లకు, బస్సులకు నిప్పు పెట్టారు. పేరు మార్పు ఆగలేదు. యువకులు కేసుల్లో ఇరుక్కున్నారు. ఆందోళనతో సంబంధం లేని కుటుంబాలు సైతం రోజుల తరబడి ఇంటర్నెట్ లేక అవస్థ పడ్డాయి.

వాములను ఇళ్లకు, తీగలకు దూరంగా వేసుకోవాలని ఏటా ఏప్రిల్ 14 నుంచి జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో చెబుతూనే ఉంటారు. పగతో పెట్టిన నిప్పుకు ఆ జాగ్రత్త చాలదు. పెద్దమనుషుల పంచాయితీలో జరిమానాతో సరిపెట్టుకోకుండా అదేరోజు ఠాణాలో ఫిర్యాదు చేయాలి. పోలీసులు వచ్చేదాకా ఆ బూడిదను కదపరాదు.