ప్రశ్న మరచిన చదువు

2010 నవంబరులో సియోల్ నగరంలో జి-20 సమావేశం ముగిసిన వేళ, అమెరికా అధ్యక్షుడు ఒబామా చివరి ప్రశ్న వేసే అవకాశాన్ని కొరియా విలేఖరులకిచ్చారు. ఒక్కరూ నోరు విప్పలేదు. చైనా విలేఖరి ఒకరు ఆ అవకాశాన్ని అందుకొన్నారు.

ఇది చూచి కొరియా యువతకు ఆలోచనాశక్తి లేదనుకొనుట పొరపాటు. 1960 ఏప్రిల్‌లో సింగ్‌మన్ రీ పాలనను కూలద్రోసిన ఉద్యమానికి ముందు నిలిచినది విద్యార్థులే. 2008 మే నెలలో సియోల్ వీధులలో కొవ్వొత్తులు పట్టి ప్రభుత్వాన్ని నిలదీసినవారిలో బడిపిల్లలైన బాలికలెందరో ఉన్నారు.

మరి లోపమెక్కడ? పరీక్షలోనని మా అభిప్రాయం. ఏటా నవంబరులో జరిగే ‘సునుంగ్’ ప్రవేశ పరీక్షలో, ఆంగ్ల శ్రవణ భాగం సాగినంతసేపు విమానములు సైతం దిగవు, ఎగురవు. అంత గౌరవం పొందిన పరీక్ష కోరునది ప్రధానంగా ఐదు జవాబులలో సరియైన ఒకదానిని గుర్తించుటయే. అందుకై పిల్లలు బడి ముగిసిన పిదప ‘హాగ్వన్’ అనే ట్యూషను కేంద్రాలకు పరుగిడతారు. రాత్రి 10 గంటలకు వాటిని మూయవలెనని సియోల్‌లో నిబంధనే తేవలసి వచ్చినది. వీధిలో ప్రశ్నించగల బిడ్డ తరగతిలో మౌనం వహించుటకు కారణం పిరికితనం కాదు. అక్కడ ప్రశ్నకు మార్కులు లేవు.

మా తరగతులలోను “సందేహములున్నవా?” అన్నప్పుడు నిశ్శబ్దమే ఎదురగుచున్నది. విద్యార్థులను నిందించుటకు ముందు మా ప్రశ్నపత్రములను మేమే పరీక్షించుకొనవలెను. విద్యార్థి స్వయంగా ఒక ప్రశ్న వేసి, దానిని సమర్థించుటకు ప్రతి పత్రంలో కొన్ని మార్కులు కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుచున్నాము.