గుఱియు, నిగ్రహమును

సింహాచలపు యువకుడు పిస్తోలు పందెములలో దిగగోరుట దోషమా? కానేకాదు. 1878 నాటి ఆయుధశాసనము తెల్లవారిని విడిచి, మనవారికి మాత్రము అనుమతిపత్రపు సంకెల తగిలించినది. అందువలననే 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధధారణము పౌరుల హక్కని తీర్మానించెను. 1959 నాటి స్వతంత్ర భారతశాసనము అనుమతిపత్రమును నిలిపియుంచినను, 21 ఏండ్లు నిండని వారికిని శిక్షణయందు గుఱి నేర్చుటకు దారి విడిచినది.

1976లో అమెరికాలో వెలసిన అంతర్జాతీయ సమితి పందెములలో గుఱి, బలము, వేగము మూడును సమానములు. పోటీదారుడు కదలుచు కాల్చవలెను. పిస్తోలుమొన సురక్షితమైన దిక్కు దప్పెనా, తత్‌క్షణమే బహిష్కృతుడగును. కావున వేగమునకు ముందు నిగ్రహము వలయును.

దానికి తగిన తొలిమెట్టు గాలిపిస్తోలు: 10 మీటర్ల దూరమున నిశ్చలముగ నిలిచి, ఒంటిచేత కాల్చుట. హైదరాబాదు బాలిక ఈషా సింగ్ దీనితోనే 2018లో, తన 13వ ఏట, జాతీయ విజేత యయ్యెను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలనుండి ఒక స్వర్ణమును, మూడు రజతములను గొనివచ్చెను.

అయితే ఈ విద్య కలవారి సొత్తు కారాదు. కొండక్రింది పేదబాలునకు పిస్తోలు కొనియీయనక్కరలేదు. పాఠశాలకొక గుఱిశాల, ఒక గురువు, కొన్ని ఉమ్మడి గాలిపిస్తోళ్లు చాలును. వీనిని సమకూర్చుట ప్రభుత్వపు విధి. నియమమును పాటించుట యువకుల విధి.