జాకెట్టుకి తొమ్మిది కొలతలు... లోపలిదానికి ఒక్క చూపు!

ఇది బ్రాల గురించి రాస్తున్న వ్యాసం. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. "ఛ ఛ! ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇదేం రాత!" అనుకునేవారు నిక్షేపంలా పేజీ తిప్పేసుకోవచ్చు. అయితే ఆ ఇంటిల్లిపాదిలో సగంమంది ఆడవాళ్ళే కదా! పొద్దున్న స్నానం చేసింది మొదలు రాత్రి పక్క ఎక్కేదాకా వాళ్ళ వంటిని అంటిపెట్టుకుని ఉండే వస్తువు గురించి ఇంటి పత్రికలో మాట్లాడకూడదంటే, మరి ఎక్కడ మాట్లాడుకోవాలి? ఎక్కడా మాట్లాడుకోలేదు కనకనే ఇన్నాళ్ళూ మన భుజాలు కోసుకుపోతున్నాయి.

మనం జాకెట్టు కుట్టించుకునే వైభోగం చూడండి. పొడవు, భుజం, ఛాతీ, నడుము, చంక, చెయ్యి పొడవు, చెయ్యి చుట్టుకొలత, ముందు మెడ, వెనక మెడ... లెక్కపెడితే తొమ్మిది కొలతలు! అవి చాలక ఆది జాకెట్టు కూడా ఇస్తాం. "కిందటిసారి చంక దగ్గర పట్టేసిందయ్యా, లోపల కాస్త గుడ్డ వదిలి కుట్టు" అని జాగ్రత్తలు చెబుతాం. తీరా కుట్టాక అరంగుళం తేడా వస్తే ఆ టైలర్ని బతకనిస్తామా? రెండుసార్లు విప్పించి కుట్టిస్తాం.

ఆ జాకెట్టు లోపల, చర్మానికి ఆనుకుని, అసలు బరువంతా మోసేది ఒకటుంది. దాన్ని కొనే పద్ధతి చూడండి. కొట్లో మగవాళ్ళు లేని సమయం చూసుకుని వెళతాం. గొంతు తగ్గించి, కౌంటరు మీదికి వంగి, "ముప్ఫై నాలుగు ఇవ్వండి" అంటాం. ఆ ముప్ఫై నాలుగు ఎక్కడిది? పదేళ్ళ కిందట ఎవరో చెప్పింది. ఈ మధ్యలో ఇద్దరు పిల్లలు పుట్టారు, పది కిలోల బరువు పెరిగింది, థైరాయిడ్ వచ్చింది. ముప్ఫై నాలుగు మాత్రం శాశ్వతం! ఆ నంబరు కూడా తెలియకపోతే కొట్టాయన మనవైపు ఓ చూపు చూసి తనే తీసి ఇస్తాడు. గబుక్కున కాగితంలో చుట్టించుకుని, సంచీలో అడుగున పెట్టుకుని, దొంగసొత్తు పట్టుకొచ్చినట్టు ఇంటికొస్తాం. విప్పి చూసుకోవడం లేదు. వేసుకుని చూసుకోవడం అంతకన్నా లేదు. ఎనభై రూపాయల చెప్పులు కూడా నాలుగడుగులు నడిచి చూసుకుని కొనే జాతి మనది!

మొన్నామధ్య ఒక కొట్లో పక్కనే నిలబడి విన్న సంభాషణ ఇది. పదిహేనేళ్ళ పిల్లని తీసుకుని తల్లి వచ్చింది.

"పెరిగే పిల్ల కదండీ, ఓ సైజు పెద్దదే ఇవ్వండి" అంది తల్లి.

"ఇది సాగుతుందమ్మా, రెండేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు ఆయన.

"అమ్మా, కబడ్డీ ఆడేటప్పుడు..." అని ఏదో చెప్పబోయింది పిల్ల.

"నోరు ముయ్యి. ఇంటికెళ్ళాక మాట్లాడదాం" అంది తల్లి.

ఇంటికెళ్ళాక మాట్లాడి ఉంటుందా? ఉండదు. ఆ పిల్ల ఏం చేస్తుంది? కబడ్డీ మానేస్తుంది. ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. 2016లో బ్రిటన్‌లో స్కూలు ఆడపిల్లల మీద జరిగిన ఒక పరిశోధన ప్రచురించారు. తమ ఆటల మీద వక్షోజాల ప్రభావం ఏదో ఒక రకంగా ఉందని సగానికి దగ్గరగా పిల్లలు చెప్పారు. నొప్పి ఒకరికి, కదులుతున్నాయన్న సిగ్గు ఒకరికి. ఆ దేశంలో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీదే పరిశోధన చేసే బృందం ఒకటుంది. అక్కడ దీన్ని శాస్త్రంగా చదువుతున్నారు. ఇక్కడ మనం "నోరు ముయ్యి" అంటున్నాం.

ఇంతకీ ఈ సైజు అనేది బ్రహ్మవిద్యా? నేను బి.ఏ. చదివినదాన్ని. నాకు చాతనైన లెక్కంటే అందరికీ చాతనైనట్టే. కావలసినవి రెండే కొలతలు. వక్షోజాలకి సరిగ్గా కింద, పక్కటెముకల మీదుగా, ఊపిరి వదిలి టేపు చుట్టి చూస్తే వచ్చేది మొదటిది. అది పట్టీ కొలత. ఎత్తుగా ఉన్నచోట, నొక్కకుండా చుట్టి చూస్తే వచ్చేది రెండోది. రెండోదాన్లోంచి మొదటిది తీసెయ్యండి. ఒక అంగుళం తేడా ఉంటే ఏ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. అంతే! పట్టీ 34, పైకొలత 37 అయితే మీది 34 సి.

దీన్నిబట్టి ఇంకో సంగతి తేలుతుంది. 'సి' అంటే లావుపాటి ఆడవాళ్ళదనీ, 'డి' అంటే సినిమా తారలదనీ మనలో ఓ అపోహ. ఆ అక్షరం వంటి లావుకి గుర్తు కానేకాదు. అది రెండు కొలతల మధ్య తేడా. బక్కపల్చటి మనిషికి డి ఉండచ్చు, భారీ మనిషికి ఏ ఉండచ్చు. 34 బి లోనూ, 32 సి లోనూ, 36 ఏ లోనూ కప్పులో పట్టే పరిమాణం ఇంచుమించు ఒకటే. పట్టీ మారితే అక్షరం మారుతుందన్నమాట.

మరి కొట్లో చెప్పే లెక్క వేరుగా ఉంటుందేం? కింద కొలిచినదానికి నాలుగో అయిదో కలపమంటారు. పట్టీకి సాగుడు లేని రోజుల్లో పుట్టిన లెక్క అది. ఇవాళ పట్టీలన్నీ సాగే గుడ్డతోనే వస్తుంటే ఆ నాలుగంగుళాలూ ఎందుకు? ఆ లెక్క చేసే ఘనకార్యం చూడండి. ఒక సన్నపాటి అమ్మాయికి కింద 30, పైన 35 ఉందనుకుందాం. తేడా అయిదు. అంటే 30 డబల్ డి. కొట్టు లెక్క ప్రకారం ముప్ఫైకి నాలుగు కలిపితే 34. ముప్ఫై అయిదులో ముప్ఫై నాలుగు పోతే ఒకటి. అంటే 34 ఏ! పట్టీ నాలుగంగుళాలు వదులు, కప్పు రెండు సైజులు చిన్నది. ఆ పిల్ల అద్దంలో చూసుకుని, "నా వొళ్ళే బాలేదు" అనుకుంటుంది. వొళ్ళు బాగానే ఉంది తల్లీ, లెక్కే బాలేదు!

పట్టీ వదులైతే ఏమవుతుందో తెలుసా? బరువులో ఎక్కువ భాగం మొయ్యాల్సింది ఆ కింది పట్టీయే. భుజం పట్టీలు ఊరికే సాయానికున్నవి. పట్టీ వదులుగా ఉంటే వీపు మీద పైకి పాకుతుంది. ముందు భాగం కిందికి దిగుతుంది. అప్పుడు మనం భుజం పట్టీలు బిగిస్తాం. అవి కండలోకి దిగి కాలవలు పడతాయి. మెడ పీకుతుంది, భుజాలు లాగుతాయి. "నలభై దాటాయి కదా, నొప్పులు మామూలే" అని తైలం రాసుకుంటాం. నొప్పులన్నిటికీ ఇదే కారణమని నేననను. కానీ డాక్టరు దగ్గరకి పరుగెత్తేముందు టేపు తీసి చూసుకోవడానికేం?

గుర్తులు చెబుతాను, ఇవాళే అద్దం ముందు నిలబడి చూసుకోండి. వీపు మీద పట్టీ ముందరి పట్టీతో సమానంగా అడ్డంగా ఉండాలి. మధ్య భాగం గుండె ఎముకకి ఆనుకోవాలి. కప్పు పైనుంచి పొంగి రెండు నాలుగులా కనిపిస్తే చిన్నది. గుడ్డ ముడతలు పడితే పెద్దది. కొత్తది కొన్నప్పుడు అన్నిటికన్నా వదులైన హుక్కుతో సరిపోవాలి. మిగతా రెండు వరసలూ సాగాక బిగించుకోవడానికి ఉన్నాయి. కొత్తలోనే ఆఖరి హుక్కు దాకా బిగించామంటే, పాతబడ్డాక ఏం చేస్తాం?

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇంత తేలిక లెక్క మనకెందుకు చెప్పరు? ఎందుకంటే మన సిగ్గు వాళ్ళకి లాభం! 30 నుంచి 42 దాకా సరిసంఖ్యల పట్టీలు ఏడు. ఒక్కోదానికి కప్పులు అయిదనుకున్నా ముప్ఫై అయిదు రకాలు. అన్నీ పెట్టాలంటే పెట్టుబడి కావాలి, అలమార్లు కావాలి, కొలిచే ఆడమనిషి కావాలి, వేసుకుని చూసే గది కావాలి. మనం తలొంచుకుని ఏది ఇస్తే అది పట్టుకుపోతుంటే నాలుగు నంబర్లతో వ్యాపారం సాగిపోతుంది. కుదరకపోయినా తిరిగి తెచ్చి ఇవ్వం కదా! "లోపలివి వాపసు తీసుకోబడవు" అని బోర్డు. శుభ్రత కోసమంటారు, ఒప్పుకుంటాను. కానీ వాపసు లేనప్పుడు కొలిచి అమ్మే బాధ్యత మరింత పెరగాలా, తగ్గాలా?

తయారుచేసేవాళ్ళ సంగతీ అంతే. మన దేశపు శరీరాలకి మనదైన కొలతల పట్టిక లేక, అమెరికా, బ్రిటన్ పట్టికలతోనే బట్టల వ్యాపారం సాగింది. హైదరాబాదుతో సహా ఆరు నగరాల్లో పాతికవేలమందిని కొలవాలన్న పథకాన్ని నిఫ్ట్ సంస్థ ప్రకటించింది 2018లో!

ఆడదాని గుండెల మీది గుడ్డ గురించి లోకానికి పట్టింపు లేదా అంటే, బోలెడంత! తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైవంటిని కప్పుకునే హక్కు కోసం ఏళ్ళతరబడి పోరాడితే, 1859లో రాజు కప్పుకోనిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. అదీ పైకులాల ఆడవాళ్ళ మాదిరిగా కప్పుకోకూడదన్న షరతుతో. 2013లో ముంబయి కార్పొరేషన్, లోదుస్తులు తొడిగిన బొమ్మల్ని కొట్ల ముందు పెట్టకూడదని తీర్మానం చేసింది. బొమ్మల వల్ల నేరాలు పెరుగుతాయిట! రాజులు ఉత్తర్వులిచ్చారు, కార్పొరేషన్లు తీర్మానాలు చేశాయి. "అమ్మా, నీకది సరిపోయిందా?" అని అడిగిన వాళ్ళెవరు?

నిజానికి ఈ వస్తువు పుట్టిందే సుఖం కోసం. గట్టి కార్సెట్లు భరించలేక మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే అమెరికా అమ్మాయి రెండు చేతిరుమాళ్ళకి రిబ్బను కలిపి కుట్టించుకుని, 1914లో దానికి పేటెంటు తీసుకుంది. సుఖం కోసం పుట్టినదాన్ని మనం శిక్షగా మార్చుకున్నాం.

"మా అమ్మమ్మలు ఇవన్నీ వేసుకున్నారా? వాళ్ళు బతకలేదా?" అనే పెద్దమ్మలకో మనవి. మీ అమ్మమ్మ తొడుక్కున్నది ముందు ముడేసుకునే రవిక. ఒళ్ళు పెరిగితే ముడి వదులు, తగ్గితే ముడి బిగువు. అంటే ఆవిడ రోజూ తన వంటికి తగ్గట్టు సరిచేసుకునేది! ఆవిడకున్న ఆ తెలివే కావాలంటున్నాను. అసలు వద్దనుకునేవాళ్ళు మానేయచ్చు, అది వాళ్ళిష్టం. వేసుకునేవాళ్ళు మాత్రం నొప్పి పడి వేసుకోనక్కర్లేదు. "బ్రా వేసుకుంటే క్యాన్సరొస్తుందటగా?" అని చెవిలో అడిగేవాళ్ళూ ఉన్నారు. అమెరికాలోని సియాటిల్‌లో పరిశోధించి 2014లో ప్రచురించారు, అలాంటి సంబంధమేదీ కనిపించలేదని. నోరు విప్పి మాట్లాడుకోని చోట పుకార్లే రాజ్యమేలతాయి.

"ఖరీదైనవి మేం కొనలేం" అంటారా? ఖరీదుకీ కుదరడానికీ సంబంధం లేదు. వెయ్యి రూపాయలది సైజు తప్పితే, బండి మీద నూటయాభైకి కొన్న సరైనదే నయం. తట్టలు మోసే కూలీకి, రోజంతా నిలబడే నర్సుకి, బస్సులో కుదుపులు తినే కండక్టరుకి కుదిరినది దొరకడం మరీ ముఖ్యం. ఇది డబ్బున్నవాళ్ళ సోకు అని ఎవరైనా అంటే నమ్మకండి.

అడగనిదే అమ్మయినా పెట్టదు. అంచేత అడుగుదాం. "ముప్ఫై నాలుగు" అని గొణక్కుండా, "34 సి ఉందా?" అని తలెత్తి అడుగుదాం. లేదంటే, "తెప్పించండి, వారంలో వస్తాను" అందాం. పదిమంది అలా వెనక్కొచ్చేస్తే పదకొండోసారికి తెప్పిస్తాడు. కొలవడానికి ఆడమనిషి ఉందా, వేసుకుని చూసే గది ఉందా అని అడుగుదాం. ఇంట్లో ఆడపిల్ల ఈడుకొచ్చాక ఏడాదికి రెండుసార్లు టేపు తీసి కొలుద్దాం. దాని చెవుల పోగులకి చూపించే శ్రద్ధలో సగం దీనికి చూపిస్తే చాలు.

కొట్లో అడగడానికి ఇంకా గొంతు పెగలకపోతే మరో దారి ఉంది. వీధి చివర మనకి జాకెట్లు కుట్టే టైలరమ్మ ఉందిగా? టేపు ఆవిడ మెడలోనే వేలాడుతూ ఉంటుంది. ఛాతీ కొలత ఎలాగూ తీస్తుంది. రాబోయే పండక్కి జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, తొమ్మిది కొలతలూ అయ్యాక, "ఇంకో రెండంగుళాలు కిందికి దించి పదోది కూడా తియ్యమ్మా, చీటీ మీద రాసివ్వు" అనండి.